ముందు దిగినవాడి మడుగు

కెనడా పడమటి కొండల్లోంచి సముద్రంలోకి ఉరికే ఒక నది; అక్టోబరు పొద్దు, ఇంకా విడిపోని మంచు. తొడల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతుల్లో గాలపుకర్రలతో నీళ్ళలో నిలబడ్డారు ఇద్దరు: సిగ్రిడ్, ఆమె మరిది నిల్స్.

"మళ్ళీ వదినా అన్నావు."

"అనలేదు."

"అన్నావు. 'జాగ్రత్త వదినా, రాయి పాచి పట్టింది' అన్నావు. శనివారం పాస్టరుగారి ముందు కూడా అలాగే అంటావా? 'ఈ వదినని నా భార్యగా స్వీకరిస్తున్నాను' అని?"

"ఇన్నేళ్ళ అలవాటు. నోరు తిరగొద్దూ?"

"తిప్పుకో. ఏదీ, సిగ్రిడ్ అను."

"సిగ్రిడ్."

"గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు అంటావేంటి?"

"చలికి. నీకు చలెయ్యట్లేదా? చెవులు చూడు, ఎలా కందిపోయాయో."

"నా టోపీ ఉంటే ఎందుకు కందుతాయి?"

"ఇంకా ఆ టోపీ గొడవేనా?"

"గొడవ కాదా మరి? నిరుడు మన కుక్క బామ్సే చచ్చిపోతే, దాని తెల్లబొచ్చు పారెయ్యబుద్ధి కాక ఉన్నిలో కలిపి వడికాను. ఉల్లిపొట్టు ఉడకబెట్టి రంగేశాను. చలికాలమంతా కూర్చుని అల్లుకున్నాను. ఈ వేసవిలో ఉతికి తీగ మీద ఆరేస్తే సాయంత్రానికి లేదు."

"కాకి ఎత్తుకుపోయుంటుందని చెప్పాగా."

"కాకి క్లిప్పులు తీసి, టోపీ తీసుకుని, మళ్ళీ క్లిప్పుల్ని తీగకి పెట్టి పోయిందా?"

"ఈ లోయలో కాకుల సంగతి నీకు తెలీదు. పడవ మోటారు తాళంచెవి కూడా ఎత్తుకుపోయాయి ఒకసారి. ఇంకోటి కొనిపెడతాలే. మనం వెళ్ళే ఊళ్ళో పెద్ద పెద్ద కొట్లున్నాయి."

"మనం వెళ్ళే ఊళ్ళో నది లేదు."

"లేకపోతే మరీ మంచిది. నదితో పడింది చాల్లేదా నీకు? ఆఖరిసారి ఒక్క మడుగు, నల్లబండ దాకా అన్నావు. సరే అన్నాను. ఇది అయ్యాక కర్రలు అటకెక్కించడమే."

"ఇచ్చిన మాట తప్పను. నువ్వు మాత్రం నా దిగువకి రాకు."

"వచ్చానా?"

"రాలేదా? నల్లబండ ఎటుంది, నువ్వెటున్నావు? ముందు దిగింది నేను. గాలం విసిరి ఒక అడుగు కిందకి, మళ్ళీ విసిరి ఒక అడుగు కిందకి. నువ్వు నా వెనకాల ఎగువనుంచి రావాలి. ముందు దిగినవాళ్ళ దిగువన కాలు పెట్టకూడదని పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు ఇక్కడ."

"లోతులో తూలిపడతావేమోనని అడ్డంగా నిలబడ్డా."

"మీ అన్న ఉంటే ఊతకర్రతో ఒక్కటిచ్చేవాడు."

"కాఫీ తాగుతావా? ఫ్లాస్కులో ఇంకా వేడిగానే ఉంది."

"మీ అన్న మాటెత్తితే చాలు, నీకు కాఫీ గుర్తొస్తుంది."

"మంచు చూడు, ఇవాళ విడిపోయేలా లేదు."

"మంచు కూడా గుర్తొస్తుంది. నిల్స్, ఒక్కసారి చెప్పవా? ఇక్కడే కదా, ఆ బండ దగ్గర. పెళ్ళయ్యాక ఇంకెప్పుడూ అడగను."

"ఎన్నిసార్లని చెప్పను?"

"మూడేళ్ళనుంచి చెప్తున్నావు. ఇంకొక్కసారి."

"ఏముంది చెప్పడానికి! ఇలాంటి పొద్దే. ఇలాంటి మంచే. నేను ముందు, ఐవర్ అన్న నా వెనక. బండ దగ్గర కాలు జారింది. అరవను కూడా లేదు. టోపీ ఒక్కటీ తేలుతూ పోయింది. ఊరంతా కొక్కేలేసి వెతికారు, మనిషి దొరకలేదు. అంతే."

"నువ్వు ముందా?"

"ఊఁ."

"అంటే నువ్వు దిగువన, ఆయన ఎగువన."

"అంతేగా."

"మరి నీ మొహం దిగువకి ఉంటుంది. నీ వెనకాల అరవకుండా పడ్డ మనిషి నీకెలా కనిపించాడు?"

"చప్పుడైతే తిరిగి చూశా."

"మీ అన్న ఉండగా నువ్వెప్పుడైనా మడుగులో ముందు దిగావా నిల్స్? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా?"

"ఆ రోజు దిగనిచ్చాడు."

"నిరుడు చెప్పినప్పుడు ఆయనే ముందు అన్నావు."

"ఏదో ఒకటి! అంత ఘోరం జరుగుతుంటే ముందెవరు వెనకెవరు అని లెక్క చూసుకుంటారా ఎవరైనా?"

"వేరేవాళ్ళు చూసుకోరు. మీ ఇద్దరూ చూసుకుంటారు. దాని కోసమే కదా చిన్నప్పటినుంచీ జుట్లు పట్టుకున్నది."

"సూటిగా అడుగు. నేను తోసేశాననా?"

"అలా అన్నానా?"

"ఊరంతా అనుకుంది. పోస్టాఫీసులో నన్ను చూసి మాటలాపేవాళ్ళు."

"ఊరు అనుకుంది. నేను ఒక్క పూట కూడా అనుకోలేదు. అనుకుంటే శనివారానికి ఒప్పుకునేదాన్నా? నువ్వు చీమని కూడా తొయ్యలేవు. కానీ ఏదో ఒకటి మింగేస్తున్నావు. అది నాకు తెలుస్తోంది."

"ఏం లేదు. విసురు, గాలం విసురు. నిలబడిపోయావు."

"ఉండు. విన్నావా?"

"ఏంటి?"

"టక్, టక్. కింద, వంపు అవతల."

"నీళ్ళకి రాళ్ళు దొర్లుతున్నాయి."

"రాళ్ళు రెండుసార్లు తట్టి ఆగుతాయా? అడుగేసే ముందు ఊతకర్రతో కింద రాయిని రెండుసార్లు తట్టి చూసుకునేది ఎవరు?"

"సిగ్రిడ్, వద్దు."

"వంటింట్లో ఉన్నా వినిపిస్తోంది, ఆకులు రాలడం మొదలైన దగ్గర్నుంచీ. పోయిన వారం అయితే చూశాను కూడా."

"ఎవర్ని?"

"వంపు కింద మడుగులో. నడుం పైభాగం ఒక్కటే మంచులో తేలుతున్నట్టు కనిపించింది. ఎడంచేత్తో గాలం విసురుతున్నాడు."

"ఎడంచేతివాళ్ళు ఏ నదిలోనైనా నలుగురుంటారు."

"నేను ఒడ్డునే ఆగిపోయాను. ముందు దిగినవాడు ఆయన కదా, మడుగు పూర్తయ్యేదాకా ఆగాలి కదా. అదే ఆలోచించాను, చూడు! చచ్చిపోయినవాడు కనిపిస్తే కేక వెయ్యాలని తోచలేదు, వరస తప్పకూడదని తోచింది. మంచు విడేసరికి అక్కడెవరూ లేరు."

"నాకెందుకు చెప్పలేదు?"

"డాక్టరు దగ్గరికి పదమంటావని."

"అంటాను, ఎందుకనను? మనిషి పోయాక అలా కనిపిస్తారు. అమ్మ పోయినప్పుడు నాకూ మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేది. అందుకే ఇక్కణ్ణించి పోదామని నెత్తీనోరూ కొట్టుకుంటున్నా."

"ముసలి హాకన్ కూడా చెప్పాడు, వంపు అవతల పొగ లేస్తోందని."

"హాకన్‌కి ఒక కన్నే పనిచేస్తుంది, అదీ మందు మీదే ఉంటుంది."

"బతికుండగా ఇంట్లో నిలిచాడా ఆ మనిషి? ఆకులు పండితే చాలు, వారాలకి వారాలు నదుల వెంట. నాలుగు గోడల మధ్య ఊపిరాడదనేవాడు. నేను పక్కన పడుకుంటే కూడా ఊపిరాడదనేవాడు. అలాంటివాడు చచ్చాక నా కిటికీ కింద తిరుగుతున్నాడంటే నాకు కోపం రావాలి. రావట్లేదు నిల్స్. హాయిగా ఉంది. నాకు భయమేస్తోంది దానికే."

"మరి నేనేమైపోవాలి?"

"నువ్వా? నువ్వు నాకు కట్టెలు కొట్టిపెట్టావు. ఇంటి కప్పు మీద మంచు తోశావు. నేను ఏడుస్తుంటే ఊరుకోమనకుండా పక్కన కూర్చున్నావు. నువ్వంటే నాకు ఇష్టమే. దయతో కాదు, నిజంగానే ఇష్టం. శనివారం నీ చెయ్యి పట్టుకుని ఈ లోయ దాటిపోదామనే ఉంది. అందుకే ఇవాళ ఈ నీళ్ళకి ఒక దణ్ణం పెట్టి... అమ్మో!"

"ఏంటి?"

"పడింది! పడింది!"

"కర్ర పైకెత్తు! కాదు కాదు, పోనీ! రీలు మీద చెయ్యి తియ్యి!"

"నాకు నేర్పకు!"

"బండ వైపు లాగుతోంది, తాడు కోసుకుపోతుంది!"

"తిరుగుతుంది, ఆగు. అదిగో, తిరిగింది. అబ్బో, ఎగిరింది చూడు!"

"స్టీల్‌హెడ్! ఆడచేప. ఎంతుందో!"

"నా చెయ్యి పడిపోతోంది. వల పెట్టు. వెనకనుంచి కాదు, తల వైపునుంచి. నీళ్ళలోనే ఉంచు, పైకెత్తకు."

"నువ్వు మాత్రం నాకు నేర్పొచ్చు."

"ఎంత తెల్లగా ఉందో! నది రంగు అస్సలు ఎక్కలేదు."

"తోక దగ్గర చూడు, సముద్రపు పేలు. వాటి తోకలు కూడా ఇంకా ఊడలేదు."

"అయితే నిన్నో మొన్నో ఉప్పునీళ్ళు వదిలింది. మంచినీళ్ళలో అంతకంటే నిలవవు అవి."

"ఆఖరి చేప గొప్పదే దొరికింది నీకు. గాలం తీసి వదిలెయ్యి, అలిసిపోయింది పాపం."

"ఉండు. రెండున్నాయి."

"రెండేంటి?"

"గాలాలు. నాది ఈ పక్క. ఆ పక్క దవడకి ఇంకోటి. ఎవరి చేతిలోంచో తాడు తెంపుకుని వచ్చింది."

"కింద ఎవరో టూరిస్టుల పనై ఉంటుంది. రెండూ తీసెయ్యి."

"నువ్వు దాని ముక్కు ఎదురునీటికి పెట్టి పట్టుకో. గట్టిగా కాదు. ఆఁ, ఇదిగో, వచ్చింది."

"ఇటివ్వు, పారేస్తా."

"ఎందుకు?"

"తుప్పుపట్టినది చేతికి గుచ్చుకుంటే..."

"తుప్పెక్కడుంది? తళతళలాడుతోంది."

"సిగ్రిడ్, చేప..."

"చేప బాగానే ఉంది. పట్టుకునే ఉండు. ఎరలా కనపడ్డానికి దీనికి ఈకలు కట్టిన చోట చూడు. దారం ఎటు తిరిగుంది?"

"నాకు కనపట్లేదు."

"కనపడుతోంది. అందరూ కట్టే గాలాలకి దారం ఒకవైపు తిరిగితే దీనికి రెండోవైపు తిరిగింది. ఎడంచేత్తో చుట్టింది. పెళ్ళైన కొత్తలో వెక్కిరించేదాన్ని, నీ గడియారాలు కూడా వెనక్కే తిరుగుతాయా అని."

"అయితే ఏంటి? అన్న ఎన్ని కట్టలేదు, ఎంతమందికి పంచలేదు! ఈ లోయలో సగం మంది డబ్బాల్లో ఉంటాయి. ఎవరో పాతది తీసి వేశారు."

"పాతదేనా?"

"పాతదే. ఇంకేమవుతుంది?"

"ఈకల కింద చుట్టిన ఉన్ని చూసి చెప్పు."

"ఉన్ని అంటే ఉన్నే."

"తడిసినా రంగు తెలుస్తోంది. ఉల్లిపొట్టు రంగు."

"నువ్వొక్కదానివే వేస్తావా ఉల్లిపొట్టు రంగు?"

"మధ్యలో తెల్లపోగులు చూడు. గొర్రెవి కాదు, బిరుసుగా ఉన్నాయి. అది బామ్సే బొచ్చు, నిల్స్. బామ్సే పోయింది నిరుడు. మీ అన్న పోయి మూడేళ్ళు. ఆయన కట్టిన పాత గాలానికి నా టోపీ ఉన్ని ఎలా వచ్చింది?"

"చేప జారిపోతోంది."

"పోనీ. వదిలెయ్యి."

"పోయింది."

"ఒడ్డు వైపు పోతున్నావేం?"

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"నేనూ ఆ నీళ్ళలోనే ఉన్నాను."

"ఇంటికి పోదాం పద. శనివారం దాకా ఎందుకు, ఇవాళే బయల్దేరదాం. అక్కడే ఎవరో ఒక పాస్టరు చేస్తాడు పెళ్ళి. పద, సామాను రేపు ఎవరితోనైనా తెప్పించుకోవచ్చు, నువ్వు ముందు ఒడ్డెక్కు..."

"నిల్స్."

"ఎక్కు, చెప్తున్నా కదా!"

"దయ్యాలు తీగ మీద క్లిప్పులు తియ్యవు. దయ్యాలకి చలెయ్యదు, టోపీ అక్కర్లేదు, దాన్ని విప్పి గాలానికి చుట్టుకోవు. ఈ చేప నిన్నో మొన్నో సముద్రంలోంచి వచ్చింది. ఇక్కడికీ సముద్రానికీ మధ్య ఎక్కడో నీళ్ళలో నిలబడి దీనికి గాలం వేసింది బతికున్న మనిషి."

"కాదు."

"నేను నల్లబట్టలేసుకుని తిరిగాను. మనిషి లేకుండా ఖాళీ పెట్టె పూడ్చిపెట్టి దాని మీద పూలు పెట్టాను."

"సిగ్రిడ్, నా మాట విను..."

"ష్. అదిగో."

"ఏం లేదు."

"టక్, టక్. నీ మొహమే చెప్తోంది. ఈసారి నువ్వూ విన్నావు. వంపు దగ్గరికి వచ్చేశాడు."

"అన్న కాదు!"

"మంచులో నాకే కనపట్లేదు, నువ్వెలా చెప్పగలవు కాదని?"

"కాదు వదినా, అన్నై ఉండడు! ఈ నదిలో మళ్ళీ కాలు పెట్టను, ఇక ముందు దిగేది నువ్వేరా అని, ఆ రోజు ఈ బండ మీద నా చేతిలో చెయ్యేసి మరీ ఒడ్డెక్కి వెళ్ళిపోయాడు!"