గడ్డివేరు దాకా కొలిచిన మనిషి

వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై ఒకటవ సంవత్సరం ఏప్రిల్ తొమ్మిదవ తేదీన శ్రీ ఫుంట్సోగ్ తార్చిన్ గారు మా మంచు కొలతల కార్యాలయంలో సహాయ పరిశీలకులుగా ప్రవేశించారు. ఆనాటి హాజరుపట్టీలో వారి సంతకం పెన్సిలుతో ఉంటుంది. సిరా గడ్డకట్టిందని పక్కనే వారే రాసుకున్నారు. నాటి నుండి మొన్న మే ముప్పై ఒకటవ తేదీన పదవీ విరమణ చేసే వరకు, జంస్కార్ లోయ వాలులలో హిమం ఎంత నిలిచింది, అది కరిగితే ఎంత నీరవుతుంది, ఆ నీటితో కింద ఎన్ని పొలాలు తడుస్తాయి అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడమే జీవితవ్రతంగా వారు పరిశ్రమించారు. ఈ సన్మాన సంచికకు వ్యాసం కావాలని సంపాదకవర్గం కోరినప్పుడు పొగడ్తలు రాయడం నా చేత కాదన్నాను. చేతనైనదే రాయమన్నారు, రాస్తున్నాను.

వారి కార్యదీక్షను గురించి ఒక్క విషయం చెబితే చాలు. మా పని పైకి సులభంగానే కనిపిస్తుంది: గొట్టాన్ని మంచులోకి నిలువుగా దింపాలి, మంచుతో సహా పైకి తీయాలి, తూకం వేయాలి. గొట్టం మొనలో మట్టి వస్తేనే అది అడుగు దాకా దిగినట్టు లెక్క. మట్టి రాని కొలతను తార్చిన్ గారు ఏనాడూ కొలతగా అంగీకరించలేదు. తొంభై ఏడులో నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున వారు నా చదువు వివరాలు అడగలేదు.

"ఏమోయ్ గ్యాల్సన్, మోకాళ్లు బాగున్నాయా?" అన్నారు.

"బాగానే ఉన్నాయి సార్."

"పదేళ్ల తరవాత మళ్లీ అడుగుతాలే" అని గొట్టం నా భుజానికెత్తారు. పదేళ్ల తరవాత నిజంగానే అడిగారు.

కొలతలు పూర్తికాగానే వారు స్వయంగా యుర్గో గ్రామానికి వెళ్లి, ఊరివారి మధ్య కూర్చుని, ఉప్పు వేసిన వెన్న టీ తాగి, ఈ ఏడు ఎన్ని పొలాలు విత్తవచ్చో చెప్పేవారు. యుర్గోకు మంచు తప్ప వేరే నీరు లేదు. ఆ ఊరి బార్లీ అంతా ఆ వాలు మీదనే ఆధారపడి ఉంది. కాగితం పంపితే సరిపోదా అని నేనొకసారి విసుక్కున్నాను.

"కాగితం తిట్లు తినదు కదయ్యా. చెప్పినవాడు ఎదురుగా ఉండాలి" అన్నారు.

ఆ తిట్ల సంగతికే వస్తున్నాను. సన్మాన సంచికలో రాయదగిన విషయం కాదని కొందరు మిత్రులు వారించారు. వారి మాట నేను వినడం లేదు.

తొంభై ఎనిమిది ఏప్రిల్‌లో యుర్గో పై పొలాలను ఆనుకుని ఉన్న వాలు మీద మేమిద్దరం కొలతలు తీస్తున్నాం. మంచు త్వరగా కరగాలని మార్చిలో పొలాల మీద మట్టి చల్లడం ఇక్కడి వారందరూ చేసే పనే; శరదృతువులోనే ఇంట్లో మట్టి దాచుకుంటారు. ఆ సంవత్సరం ఒక వృద్ధుడు, చూపు ఆనక, తన పొలం హద్దు దాటి మా కొలతల స్థలంలోనూ మట్టి చల్లాడు. అక్కడి మంచు పైపైన కరిగి, ఆ మట్టితో కలిసి మళ్లీ రాతిలా గడ్డకట్టింది. దానిమీద మోకాలి లోతు కొత్త మంచు పడింది. నేను గొట్టం దింపాను. గట్టిగా తగిలింది. మొనలో మట్టి వచ్చింది.

"నేల తగిలింది సార్" అన్నాను.

"సరిగ్గా చూశావా?" అని గాలి హోరులో కేక వేశారు, పుస్తకంలో రాసుకుంటూనే.

"చూశాను. వేలికి అంటింది కూడా."

ఆ మట్టి కింద ఇంకా నడుము లోతు మంచు ఉంది. నీళ్లు చాలవని తార్చిన్ గారు ఊరికి చెప్పారు. ఊరివారు పై పొలాలన్నీ బీడు పెట్టారు. జూన్‌లో కాలువలు పొంగి, విత్తని పొలాల పక్కనుంచి నీరంతా నదిలోకి పోయింది. ఆ చలికాలం యుర్గోలో పేలపిండికి కరువొచ్చింది. యాంగ్‌స్కిత్ అనే ఇల్లాలు, ఉన్న ఒక్క కూతురికి తిండి పెట్టలేక, అవతలి లోయలో ఆడబిడ్డ ఇంటికి పంపింది.

ఆ కరువుకు ముందే, జూలైలోనే తార్చిన్ గారు ఊరికి వెళ్లి తప్పు తమదేనని చెప్పుకున్నారు. వెనకే నేనూ ఉన్నాను, తల వంచుకుని.

"నీ గొట్టం కన్నా మా మామగారి మోకాలి నొప్పి నయం తార్చిన్ అన్నా. అదైనా మంచు పడే ముందు నిజం చెబుతుంది" అంది యాంగ్‌స్కిత్.

మట్టి చల్లింది ఆ మామగారే. కరిగే మంచులో నల్లని చారను చూసి తార్చిన్ గారు అప్పటికే గ్రహించారు. ఆ ముసలాయన పేరు చెప్పలేదు. 'నేల తగిలింది' అన్నవాడి పేరూ చెప్పలేదు. దారిలో నేను ఏడ్చినంత పనిచేస్తే, "గొట్టం ఎవరు పట్టుకుంటేనేం, సంతకం నాది. ఇకమీదట మట్టి చాలదు, గడ్డివేరు కూడా రావాలి" అని మాత్రం అన్నారు. ఈనాటికీ మా కార్యాలయంలో అదే నియమం.

తదనంతరం వారు రెండువేల ఆరులో ప్రధాన పరిశీలకులయ్యారు; పద్నాలుగు మందికి శిక్షణ ఇచ్చారు; ప్రతి ఏప్రిల్‌లోనూ వారి అర్ధాంగి శ్రీమతి పల్మో గారు కిటికీ దగ్గర ఎదురుచూపులతోనే గడిపారు. ఈ మధ్యకాలంలోనే దిగువ కొలతల స్థలాలు రెండు, ఏప్రిల్ నాటికి కొలవడానికి మంచే లేక, మూతబడ్డాయి. ఆ మూసివేత పత్రాల మీద సంతకాలు కూడా వారివే. వారి స్థానంలో ఇంతవరకు ఎవరినీ నియమించలేదు.

ఈ సంవత్సరం ఏప్రిల్‌లో, సర్వీసులో ఆఖరి కొలతకు వారితో వెళ్లాను. యుర్గో వాలు మీద పది చోట్ల గొట్టం దింపాం. ఎక్కడా జానెడుకు మించి లేదు. పై పొలాలు వదిలేయమని, కింది పొలాల్లోనూ సగమే విత్తమని వారు ఊరికి చెప్పారు. ఊరు నమ్మలేదు.

"ఆనాడూ ఇదే మాటన్నావు. ఈసారి మొత్తం విత్తుతాం" అంది యాంగ్‌స్కిత్. ఆమె ఇప్పుడు ఊరిపెద్దలలో ఒకరు.

"విత్తనం మట్టిపాలవుతుందమ్మా. పై ఏటికి గింజ కూడా మిగలదు."

"నీకేం, పింఛను వస్తుంది."

నేను నోరు తెరిచాను. తార్చిన్ గారు నా వైపు ఒక్క చూపు చూసి, ఆమె చేతికి గొట్టం ఇచ్చారు. "నువ్వే చూసుకో" అన్నారు.

ఆమె వాలు మీదికి వచ్చి గొట్టం దింపింది. మట్టి వచ్చింది. నమ్మక, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. ఆ మట్టి కింద ఇంకా మంచు ఉంటుందనే ఆశతో తవ్వుతోందని మా ఇద్దరికీ తెలుసు. ఊరివాళ్లు చుట్టూ నిలబడి చూస్తున్నారు. చివరికి ఆమె చేతికి గడ్డివేర్లు వచ్చాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని, మట్టి దులిపి చూసింది.

"ఇది నేలే" అంది.

తరవాత లేచి, చేతులు దులుపుకుని, "నీళ్లు లేవని చెప్పినవాడివి నువ్వే కదా, ఉన్నవి పంచేదీ నువ్వే. ఎలాగూ ఖాళీయే" అంది. ఆ విధంగా జూన్ ఒకటి నుండి యుర్గో నీరుగంటిగా వారి నియామకం జరిగింది. ఎవరి మడికి ఎన్ని గడియల నీరో వారే తేల్చాలి. చాలని నీటికి తిట్లూ వారే తినాలి. కాదనడం వారికి చేతకాలేదు.

ఈ సంచికను యాంగ్‌స్కిత్ గారికి ఎవరైనా చదివి వినిపిస్తారు గనుక ఇక్కడే రాస్తున్నాను: తొంభై ఎనిమిదిలో ఆ తప్పు చేసింది గ్యాల్సన్ అనే నేను. ఇరవై ఏడేళ్లు నా మౌనానికి వారు తిట్లు తిన్నారు. ఆ మౌనం వల్లే ఈ వసంతంలో వారి నిజాన్ని ఊరు నమ్మలేకపోయింది. తిట్టవలసి వస్తే నన్ను తిట్టండి. నా ఇల్లు కార్యాలయం వెనకే.

తెల్లని పట్టు కండువా వారి మెడలో వేసే ఈ శుభసమయాన, శ్రీ తార్చిన్ గారు ఆయురారోగ్యాలతో, వేసవి పొడుగునా కాలువ గట్టు వెంట నడవగల మోకాళ్లతో నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. వారి కొలత సరిగా ఉండాలని ఇన్నేళ్లూ కోరుకున్నవాణ్ణి, ఈ ఒక్క ఏడు అది తప్పు కావాలని కోరుకుందామనుకున్నాను. కానీ ఆమె లేచి వెళ్లాక ఆ గుంటలో చెయ్యి పెట్టి నేనూ చూశాను. గడ్డివేర్లే.