కంకర మానిపించి కాలువ తవ్వించిన ఓవర్సీరు గారికి

సభకి పెద్దగా కూర్చున్న నారాయణయ్య గారికీ, ఇవాళ రిటైరై పోతా ఉండే మా ఓవర్సీరు గోవిందయ్య గారికీ, ఆత్మకూరు నుంచి బస్సు దుమ్మంతా నెత్తినేసుకోని వచ్చిన పెద్దలకీ, ఆ గోడవార నిలబడి నన్ను చూసి ఇకిలిస్తా ఉండే మా జతగాళ్లకీ దండాలు. ఐదో క్లాసులో బడి ఎగ్గొట్టినోణ్ణి మాట్లాడమన్నారు, ఆ తప్పు మీదే. (నవ్వులు)

కరువు సంవత్సరం గుర్తుండాది గదా? కరువుపని అని మా చేత రోడ్డు పక్కన కంకర కొట్టించినారు. ఆ కంకర ఎవురికీ అక్కర్లేదు. కుప్పలు పెరగతా ఉండాయి, మా చెరువు నెర్రెలిస్తా ఉండాది. మా వెంగమ్మవ్వ అయితే, "ఈ రాళ్లు వండుకోమంటారేందిరా?" అనేది. అట్టాంటప్పుడు కొండ కాడికి ఒకాయన తుపాకి ఎత్తుకోని వచ్చినాడు. "గాదెలు పగలగొడదాం, అడ్డమొచ్చినోణ్ణి నరుకుదాం" అన్నాడు. కడుపు మండేవోడికి ఆ మాట తియ్యగా ఉంటాది. నేనూ మా జతగాడు లాల్ బాషా ఈటెలకి పదును పెట్టుకున్నాము. నారాయణయ్య గారూ, మొదటి గాదె మీదే! (నవ్వులు. అధ్యక్షులు నవ్వలేదు.)

మా గోవిందయ్య సారుకి సంగతి తెలిసింది. పోలీసుల్ని పిలవలేదు. పైవోళ్లతో పోట్లాడి కంకర మానిపించి, అదే కూలికి చెరువు కాలువలో పూడిక తియ్యమన్నారు. నాకాడికొచ్చి, "నీకు కోపం ఎక్కువంట గదా, ముందర నువ్వు పట్టరా పార" అన్నారు. వాన పడింది, చెరువు నిండింది. తుపాకాయన మళ్లా వస్తే మావోళ్లు, "నాట్లయినాక రా సామీ, ఇప్పుడు తీరిక లేదు" అన్నారు. (నవ్వులు)

ఒక్కడు మాత్రం ఆయన వెంట పోయినాడు. లాల్ బాషా. వాడి మెట్టపల్లెకి కాలువ పోలేదు మరి. వాళ్లమ్మ కరీంబీ అత్త అదో, స్తంభం కాడ కూర్చోనుండాది. వాడింకా ఎవురి మీదా చెయ్యి చేసుకోలేదు. రేపటి సంగతి చెప్పలేను. "మా చేలకాడికి నీళ్లొస్తే దిగొస్తా" అని కబురు పెట్టినాడు. సారు కొలతలేసి ఉంచినారు, నడమన నారాయణయ్య గారి చేను అడ్డముండాది. పెద్దాయనా, శాలువా కప్పే చేత్తోనే ఆ గట్టువార కాలువకి దోవ ఇయ్యండి. సారుకి అంతకన్నా సన్మానం ఏముండాది?

(సభంతా అధ్యక్షుల వైపు తిరిగింది.)

"ఒరే, నిండు సభలో కట్టేసినావు గదరా! నా చేనుకీ నీళ్లు మళ్లేటట్టు ఒక మడవ పెడతారా?"

"పెడతాము పెద్దాయనా!"

"అయితే తవ్వుకోపోండి."

(చప్పట్లు)

అత్తా, ఏడవబాక. రేపు పొద్దున్నే పని మొదలు, పార వాణ్ణే తెచ్చుకోమని కబురంపు. సారూ, ఇంటికి పోతాపోతా ఒకతూరి మా కాడికొచ్చి కాలువ దోవకి తాడు పట్టి చూపిచ్చి పోండి. నా వాగుడు ఓర్చుకున్నందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను. పలుగులు వెతుక్కోవాల, సెలవు.