బుల్లెబ్బాయి నూతి రాళ్ళు

ఇప్పచెట్లు దాటాక పొగాకు బీడులో కూలిపోయిన నుయ్యి ఒకటుంది చూశారూ, బుల్లెబ్బాయి నుయ్యంటారు, మేకలు కూడా అటు మెడ తిప్పవు. మీరంతా గట్టు మీంచి చుట్టూ తిరిగి పోతారు గానీ ఎందుకు పోతున్నారో ఒక్కళ్ళకీ తెలీదు, మీ నాన్నలు అలా పోయారు గనక మీరూ పోతున్నారు. ఇవాళ చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి, నా గొంతు ఇదివరకట్లా లేవట్లేదు.

బుల్లెబ్బాయి మనవాడే. గోదావరి దిగువనించి పొగాకు వేద్దామని పెళ్ళాం మంగాయమ్మనీ కూతురు రత్నాన్నీ వెంటబెట్టుకుని ఈ శబరి ఒడ్డుకొచ్చాడు. ఆ భూమి ఎవరిది, ఆయన చేతికెలా వచ్చిందంటారా, అది మొదలెడితే మీలో సగం మంది లేచి ఇళ్ళకి పోతారు, ఆ మాట ఒదిలేద్దాం. మనిషి మంచివాడు, తాగడు, ఎవర్నీ పల్లెత్తు మాటనడు. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా, వాళ్ళకి తాము తప్పు చేస్తున్నామన్న అనుమానమే రాదు.

సరే, నుయ్యి తవ్వించాడు, నీళ్ళు పడ్డాయి, కానీ ఇసకనేల కదా, అంచులు జారిపోతున్నాయి, రాతి ఒర కట్టాలి. రాయి ఎక్కణ్ణుంచి తేవాలా అని చూస్తే ఇప్పచెట్ల కింద పదకొండు రాళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. అవేవిటో మీకు తెలుసుగా? మన పక్క గూడెంలో కోయవాళ్ళ ఇంట మనిషి పోతే కొండ దగ్గర రాయి చూసి, రా దూలయ్యా, మెల్లగా రా, అని పోయినవాళ్ళ పేరు పిలుచుకుంటూ దాన్ని లాక్కొచ్చి అక్కడ నిలబెట్టేవారు, ఇంక అది రాయి కాదు, దూలయ్యే. బుల్లెబ్బాయి అదేం ఎరగడు, బండి కట్టుకొచ్చి పలుగుతో పెకలించి ఎత్తించేస్తున్నాడు. అప్పుడు గూడెంలోంచి జోగమ్మని ఒకావిడ వచ్చి బండికి అడ్డంగా నిలబడి కోయమాటల్లో ఏదో చెప్పింది. ఈయనేం చేశాడు? ముసల్దానికి చుట్ట తాగాలని ఉంది కాబోలనుకుని నడుం దగ్గర దోపుకున్న పొగాకు కాడ తీసి చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ కాడని ఒకసారి చూసింది, బండిలో రాయి మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

పది రాళ్ళు ఒరలో పోయాయి, వెడల్పుగా ఉన్న పదకొండోది గట్టున బట్టలుతకడానికి వేశారు. ఆ వేసవిలోనే ఓ మిట్టమధ్యాహ్నం మంగాయమ్మ నీళ్ళకెళ్తే ఆ బండ మీద ఎవరో ఆడమనిషి జుట్టు విరబోసుకుని అటు తిరిగి కూచుందిట. తల తిప్పకుండానే, నన్నేమని పిలుస్తావే అని అడిగిందిట. మంగాయమ్మకి ఒళ్ళు మండి, ఎవతివో కోయదానివి, లే అక్కణ్ణుంచి, అందిట. ఆవిడ లేచి నూతిలోకి దిగిపోయింది, నీళ్ళు చప్పుడన్నా చెయ్యలేదు.

ఆ రోజునించీ మంగాయమ్మకి పేర్లు పోవడం మొదలెట్టాయి. ముందు మొగుడి పేరు పోయింది, కానీ ఆ రోజుల్లో ఏ ఆడది మొగుడి పేరు పలికింది గనక, ఎవరికీ తెలీలేదు. తర్వాత గేదెల పేర్లు, పుట్టింటివాళ్ళ పేర్లు, చివరికి ఓ రోజు కూతురు అన్నం పెట్టమని కొంగు పట్టుకుంటే, ఎవరమ్మా నువ్వు, మీ ఇంట్లోవాళ్ళు వెతుక్కోరూ, అంది. బుల్లెబ్బాయి ఆ మాట గుమ్మంలోంచి విన్నాడు.

ఏ మనిషైనా ఏం చేస్తాడు, పట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, దిగువనించి భూతవైద్యుణ్ణి పిలిపించాడు. అతగాడు నూతిలో ఇరవయ్యొక్క నిమ్మకాయలు పడేస్తే తెల్లారేసరికి అవన్నీ ఎవరో తుడిచి పేర్చినట్టు బండ మీద వరసగా ఉన్నాయి, వైద్యుడు చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయాడు. ఇలా రెండేళ్ళు గడిచిపోయాయి, ఆ రెండేళ్ళూ గుర్తుపెట్టుకోండి. రత్నం తల్లి పక్కన పడుకోడం మానేసింది, పరాయిపిల్లలా చూస్తుంటే ఏం పడుకుంటుంది?

చివరికి ఓ మేకనీ కొత్త చీరనీ పట్టుకుని గూడేనికెళ్ళాడు. జోగమ్మ తెలుగులోనే మాట్లాడింది, ఆవిడకి మన భాష వచ్చు, మనకే ఆవిడది రాదు.

"మేకను తోలుకపో. మా అత్త సింగమ్మ మీద మీరు బట్టలుతికిన్రు, మేక దేనికి?" అంది.

"తెలీక చేశానమ్మా," అన్నాడు బుల్లెబ్బాయి.

"తెలవకపోవుడు తప్పు గాదు. నేనొచ్చి నిలబడ్డ గదా, ఏందని అడగలే నువ్వు."

ఆయన అక్కడే నేల మీద కూచుని ఏడ్చాడు, నన్నేం చెయ్యమంటారని అడిగాడు. వాళ్ళని వెనక్కి తీసుకురా, బండి మీద కాదు, పేరు పెట్టి పిలుచుకుంటూ లాక్కురా, పేరు పిలవకపోతే రాయి వస్తుంది గానీ మనిషి రాదు, అని చెప్పింది. పేర్లు తెలియాలి కదా మరి, ఇంక రోజూ పొద్దువాలే వేళ బుల్లెబ్బాయి గూడెంలో కూచుని ఆ పేర్లు నేర్చుకున్నాడు, ఏ రాయి ఎవరు, ఎవరు ఎవరికేమవుతారు, దూలయ్య ఏ తాడిచెట్టు మీంచి పడ్డాడు, సింగమ్మకి ఏ పాటంటే ఇష్టం, అన్నీను. నోరు తిరక్క తప్పు పలికితే వాళ్ళు నవ్వేవారు, ఆయన మళ్ళీ పలికేవాడు.

మొదట సింగమ్మ. మోకు కట్టి ఒక్కడే లాగాడు, అరచేతులు చీరుకుపోయాయి, రా సింగమ్మా, అమ్మా, మెల్లగా రా, అంటూ పొద్దుటినించి మధ్యాహ్నందాకా. దారి పక్కన గూడెం జనం నిలబడి చూశారు, ఒక్కళ్ళూ చెయ్యి వెయ్యలేదు, ఎందుకు వేస్తారు? తర్వాత నూతి ఒర విప్పి ఒక్కోటే పైకి తీశాడు, నాలుగో రాయి దగ్గర మాత్రం జోగమ్మ కొడుకు వచ్చి మోకు రెండో కొస పట్టుకున్నాడు. పదో రాయి నిలబెట్టిన సాయంత్రం మంగాయమ్మ వాకిట్లోకొచ్చి, రత్నం, చీకటి పడుతోంది లోపలికి రావే, అని కేకేసింది. నేనీ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఇక్కడికొచ్చేసరికి నాకు కళ్ళు చెమరుస్తాయి, నవ్వితే నవ్వుకోండి.

మరి మిగిలిన ఆ ఒక్కటి? నూతి అడుగున ఉన్న ఆ రాయి అన్నిట్లోకీ పాతది, దాని పేరు గూడెంలో ఒక్క ఉంగయ్య తాతకే తెలుసు. ఆయనేమో బుల్లెబ్బాయి నిమ్మకాయలు వేయిస్తున్న ఆ రెండేళ్ళలోనే పోయాడు. జోగమ్మకి తెలీదు, ఎవరికీ తెలీదు. ఊరికే లాగి చూశారు, మోకు మూడుసార్లు తెగింది. అప్పుడు జోగమ్మ బుల్లెబ్బాయికి తన దొన్నెలోంచే జావ పోసిచ్చి ఓ మాట చెప్పింది:

"మావాళ్ళు పదిమంది నిన్ను ఒదిలేసిన్రు, మేమూ ఒదిలేసినం. ఆ ఒక్కరి మాట మేము చెప్పలేము."

ఆయన బతికినన్నాళ్ళూ రోజూ ఆ గట్టున కూచుని ఒక్కో పేరూ పెట్టి పిలిచేవాడు, ఇదేనా, కాదా, అని. ఏ పేరుకీ జవాబు రాలేదు. ఒర లేని నుయ్యి ఓ వానాకాలంలో కూలింది, ఆ రాయి మట్టికింద ఉండిపోయింది.

అంచేత అటు పోకండి. మధ్యాహ్నం పూట అక్కడ కూచునేది ఇప్పుడు ఆడమనిషో మగమనిషో కూడా చెప్పలేం. తప్పనిసరై పోతే, నన్నేమని పిలుస్తావని అడిగితే, నోటికొచ్చిన పేరు చెప్పకండి, తెలీదని ఒప్పుకుని, అక్కడే కూచుని, మీరెవరని అడగండి. అంత తీరిక లేనివాళ్ళు గట్టు మీంచే పోండి.