రేగుపెంట బావి కాడ పిలుపు

రేగుపెంట చింతచెట్టును మీరెవరూ చూసి ఉండరు, చూడాల్సిన పని కూడా లేదు. మన గూడెం నుంచి తూర్పుగా రెండు కొండలు ఎక్కి దిగి మూడో కొండ నడుముకు పోతే కనబడుతుంది. దాని కింద రాతి బావి. ఒకప్పుడు అక్కడ మనలాంటి వాళ్ళే పదకొండు గుడిసెలు వేసుకొని ఉండేవాళ్ళంట, మా అవ్వ పుట్టకముందు గత్తర రోగమొచ్చి ఒక్క వారంలో అందరినీ ఊడ్చుకుపోయిందంట, ఇంగ ఆనాటి నుంచి తేనెకు పోయేవాళ్ళు గాని గడ్డలు తవ్వేవాళ్ళు గాని ఆ చెట్టు కొమ్మ కనబడితే చాలు, చుట్టు తిరిగి పోతారు. దప్పికతో నాలుక పిడచకట్టుకొని పోతున్నా సరే ఆ బావి మీదికి వంగరు. ఎందుకు అంటారా? చెప్తా, ఆ పొయ్యిలో ఇంకో కట్టె ఎగదోసి దగ్గరకు జరగండి.

మా అమ్మకు ఒక అక్క ఉండేది, మాకు పెద్దమ్మ. పేరు బయ్యమ్మ. ఈ పేరు నేనిప్పుడు నోరారా అంటున్నా గాని ఆమె బతికుండగా ముప్పై నలభై ఏండ్లు ఈ గూడెంలో ఎవరూ అనలేదు. ఆమె మొగుడు ఈదన్న. పిల్లల్లేరు వాళ్ళకు. ఒకడు పుట్టి తొమ్మిదో నాటికి పోయినాడు, మల్ల కడుపు పండలేదు. ఇంగ ఇద్దరికిద్దరే. యాడికి పోయినా కలిసే పోయేవాళ్ళు, వేటకు కూడా. ఆడదాన్ని వేటకు తోలుకపోయేదేందని మగోళ్ళు నవ్వితే, విల్లు నాది, కండ్లు ఆమెవి అనేవాడంట ఈదన్న. నిజమే, గిట్టల జాడ చూడడంలో పెద్దమ్మను మించినోళ్ళు లేరు. ఆకు మీద మట్టి చూసి దుప్పి పొద్దున పోయిందా, నిన్న పోయిందా చెప్పేది.

ఇంకో సంగతి. ఆ కాలంలో మొగుళ్ళు పెండ్లాలను పేరు పెట్టి పిలిచేవాళ్ళా? ఏమే అంటే అదే ఎక్కువ. ఈదన్న అట్ల కాదు. జంతువు పడిందంటే చాలు, బండ మీద నిలబడి రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకొని బయ్యమ్మా అని కొండంతా వినబడేట్టు పిలిచేవాడు. పెద్దమ్మ ఓ అని పలికేది. ఆమె మాత్రం ఆయన పేరు ఎత్తేది కాదు, మొగుడి పేరు ఎట్ల ఎత్తుతుంది? పికిలిపిట్ట మాదిరి ఈల వేసేది. ఒక్కసారన్నా నన్ను పేరు పెట్టి పిలువు, ఎవరు వింటారు ఇక్కడ అని ఆయన అడిగేవాడంట. నవ్వేసి ఊరుకునేది.

ఒక యేడు వానల్లేక గడ్డలు కూడా భూమిలోనే ఎండిపోయినాయి. ఇప్పుడంటే ఫారెస్టోళ్ళు, కేసులు ఉన్నాయి, అప్పుడు ఇవన్నీ లేవు, ఒకరు కొడితే గూడెమంతా వాటా. ముసలోళ్ళు, పిల్లలు మూడు పొద్దుల నుంచి ఇప్పపువ్వు ఉడకేసుకొని తింటా ఉన్నారు. అప్పుడు వీళ్ళిద్దరూ ఒక విల్లు, ఆరు అమ్ములు, సొరబుర్రలో నీళ్ళు పెట్టుకొని బయల్దేరినారు. దగ్గరి కొండల్లో దుప్పి అడుగన్నది లేదు. నడిచి నడిచి మరునాడు తెల్లారేసరికి మూడో కొండ మీద ఒక చెలమ కాడికి చేరినారు. పెద్దమ్మ గుప్పెట్లో బూడిద తీసి గాలికి వదిలి చూసింది, గాలి ఎదురుగానే ఉంది, ఇద్దరూ పొద చాటున కూర్చున్నారు. మంచులో నుంచి పెద్ద మగదుప్పి ఒకటి వచ్చింది, కొమ్ములకు ఎండు తీగ చుట్టుకొని, తల వంచి నీళ్ళు తాగుతా ఉంది.

ఈదన్న కొట్టినాడు. ఆకలికి గురి తప్పిందో ఏమో, అమ్ము గుండెకు కాక వెనక డొక్కలో దిగింది. దుప్పి అట్లనే లేచి పరుగు.

దెబ్బ తిన్నదాన్ని వదిలేసి రాకూడదు కదా, దాని ఉసురు తగులుతుంది. నెత్తుటి చుక్క చూసుకుంటా పోయినారు, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా పోయినారు. ఒక చోట బండల్లో జాడ చెదిరిపోయింది. నువ్వు వాగు వెంట పో, నేను పైనుంచి వస్తా అన్నాడు ఈదన్న. విడిపోయినారు. అదే తప్పు.

పెద్దమ్మ వాగులో కొంత దూరం పోయిందో లేదో, పైనుంచి ఒక పిలుపు వినబడింది. ఈదన్నా, అని. ఆడ గొంతు. ఎవరిదనుకున్నారు? ఆమెదే. ఆమె గొంతే, ఆమె నోరు మూసుకొని నిలబడి ఉండగానే కొండ మీద నుంచి ఆమె మొగుణ్ణి పిలుస్తా ఉంది.  పెద్దమ్మ ఆయన పలకకుండా ఉంటే బాగుండు అనుకుంది గాని, పలకకుండా ఎట్ల ఉంటాడు? ఇన్నేండ్లకు పెండ్లాం పేరు పెట్టి పిలిచిందని ఎంత సంబరపడినాడో ఏమో, ఓ, వస్తున్నా అని పలికినాడు. ఆ పలుకులో సంబరం తనకు వినబడిందని మా అమ్మతో చెప్పిందంట.

ముళ్ళు గీసుకుంటున్నా చూడకుండా పైకి ఎక్కింది. చింతచెట్టు, బావి. బావి గట్టు మీద ఈదన్న కూర్చొని ఉన్నాడు, విల్లు పక్కన పడి ఉంది, నాలుగు అడుగుల దూరంలో దుప్పి చచ్చి పడి ఉంది. ఆయన దుప్పి వైపు చూడడం లేదు. బావిలోకి చూస్తా కాసేపటికొకసారి ఓ అంటాడు, మల్ల కాసేపు ఆగి ఓ అంటాడు. ఆ పిలుపు ఆమెకు వినబడడం లేదు. భుజం పట్టి ఊపితే బండను ఊపినట్టే ఉంది. ముందుకొచ్చి నిలబడితే ఆమెలో నుంచి అవతలికి చూస్తా ఉన్నాడు.

చెట్టు చుట్టూ పొయ్యిరాళ్ళు, పదకొండు పొయ్యిలవి, గడ్డి మొలిచి ఉన్నాయి. ఒక పొయ్యి కాడ ముసలామె కూర్చొని ఖాళీ రోట్లో రోకలి వేస్తా ఉంది. చప్పుడు లేదు. కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయా అని మీరడుగుతారు, నేను కూడా అడిగినా. ఆ యాల నా మొగుణ్ణి చూసుకుంటానా, దాని కాళ్ళు చూస్తానా అనింది పెద్దమ్మ.

"నా మొగుణ్ణి వదులు" అని అడిగింది.

ముసలామె రోకలి ఆపలేదు. గత్తర వచ్చినప్పుడు అందరికంటే వెనక పోయింది తానేనంట. పది ఇండ్ల వాళ్ళనూ తానే గుంతల్లో పెట్టిందంట. తనను పెట్టేవాళ్ళు లేక ఈ బావి కాడే పడి పోయిందంట. అప్పటి నుంచి దారిన పోయే వాళ్ళను పిలుస్తా ఉంది, ఒక్కరూ పలకరు, పరిగెత్తిపోతారు. వీడు పలికినాడు, వీణ్ణి ఇయ్యను అనింది. కోపంగా కాదు, మన ఇంట్లో ముసలోళ్ళు కంబళి పట్టుకొని వదలరు చూడండి, అట్ల అనింది.

పెద్దమ్మకు భయం పోయి ఇంకేదో వచ్చింది. తానూ బిడ్డను గుంతలో పెట్టిన మనిషే కదా. కింద కూర్చుంది.

"నీకు పలికేవాళ్ళు ఎందుకు, నిన్ను పిలిచేవాళ్ళు కావాల గాని" అనింది. "నేను పిలుస్తా. నీ పేరేంది?"

అప్పుడు రోకలి ఆగింది. ముసలామె నోరు తెరిచింది, పెదాలు ఆడినాయి, ఏమీ రాలేదు. ఈ కొండెక్కిన వాళ్ళందరి పేర్లూ గాలికి వచ్చి తన చెవిలో పడతాయంట, తన పేరు ఒక్కటే ఎటు పోయిందో తెలియదంట. అది ఎరిగినోళ్ళందరూ గుంతల్లో ఉన్నారు, ఇంగ యాడి నుంచి వస్తుంది? పెద్దమ్మ తనకు తెలిసిన పేర్లన్నీ ఒకటొకటే అడిగింది. పోతక్కా? కాదు. మూగెమ్మా? కాదు. ఉత్తమ్మా, కాటమ్మా, రాచెమ్మా? పొద్దు చెట్టు దాటి అవతలికి వాలేదాకా అడిగింది. ముసలామె తల అడ్డంగా ఊపుతా ఊపుతా చివరికి చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది. అటు ఈదన్న ఓ అనడం నెమ్మదిగా సన్నబడుతా ఉంది, బావి అడుగు నుంచి వచ్చినట్టు ఉంది.

"నా పేరు తీసుకో. బయ్యమ్మ. నా మొగుణ్ణి వదిలెయ్" అనింది.

ముసలామె రోకలి పక్కన పెట్టింది.

"ఇస్తే ఇంగ అది నాది. ఎవరు పిలిచినా నేనే పలుకుతా. నువ్వు పలికినావంటే వచ్చి వీణ్ణి తీసుకపోతా."

సరేననింది పెద్దమ్మ. అని, లేచి నిలబడి, తన పేరును తానే ఎదుటి మనిషిని పిలిచినట్టు పిలిచింది. బయ్యమ్మా. ముసలామె ఓ అనింది. అంత సంతోషంగా పలికిన మనిషిని తాను ఎప్పుడూ చూడలేదంట. చూస్తుండగానే ఆ పొయ్యి కాడ ఇంగ ఎవరూ లేరు.

ఈదన్న కండ్లు నులుముకొని, ఏంది ఇంత పొద్దుపోయింది, దుప్పి దొరికిందే అన్నాడు. అని, పెండ్లాం కోసం చూస్తా పిలవడానికి నోరు తెరిస్తే పెద్దమ్మ ఉరికొచ్చి చేత్తో నోరు మూసింది. దుప్పిని మోసుకొని దారిలో అంతా చెప్పింది.  గూడెమంతా రెండు పొద్దులు కడుపునిండా తినింది. ఈదన్న ముట్టలేదు.

ఇంగ అంతే. ఈదన్న పెండ్లాం, పెద్దమ్మ, వదిన, అవ్వ, ఎవరికి ఏది కుదిరితే అది. జనాభా లెక్కలాయన వచ్చి పేరేందమ్మా అని అడిగితే నీకు ఇష్టమైంది రాసుకో నాయనా అనింది, ఆయన ఏం రాసుకున్నాడో ఆయనకే తెలియాల. ఈదన్న ఏమే అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖం పక్కకు తిప్పుకునేవాడని మా అమ్మ చెప్పేది. వేటకు పోయినా జంతువు పడితే గమ్మున వచ్చి చెయ్యి తట్టేవాడు. అడవిలో అరిచి పిలవడం మానుకున్నాడు. పెద్దమ్మ మాత్రం ముసలామెను పిలుస్తానన్న మాట తప్పలేదు. వారానికొకసారి సందెపొద్దున గుడిసె వెనక నిలబడి తూర్పు కొండకేసి తన పేరు తానే పిలిచేది. దూరం నుంచి ఓ అని వచ్చేది. నేను కూడా విన్నా, అబద్ధం ఎందుకు చెప్తా.

ఈదన్నకు ముసలితనంలో జ్వరం పట్టుకుంది. పదిరోజులు చాప మీద నుంచి లేవలేదు. ఒకనాటి పొద్దున, నేను ఆయన నోట్లో నీళ్ళు పోస్తా ఉన్నా, ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బయ్యమ్మా, అని పిలిచినాడు, వయసులో ఉన్నప్పుడు పిలిచినట్టే. పెద్దమ్మ ఆయన మోకాలి పక్కనే కూర్చొని ఉంది. కొంగు నోట్లో కుక్కుకుంది. పలికితే ముసలామె ఆయన్ను ఆ బావి కాడికి తోలుకపోతుంది కదా, పోయేవాడు పోయే దారిన పోనీ అనుకుంది. మల్ల పిలిచినాడు. ఆమె కండ్లల్లో నీళ్ళు కారుతానే ఉన్నాయి, పలకలేదు. మూడోసారి పిలిస్తే తూర్పు కొండ మీద నుంచి ఓ అని వచ్చింది. ఈదన్న తల ఆ వైపు తిప్పి, అక్కడున్నావా అన్నాడు. నెమ్మది పడినాడు. అట్లనే పోయినాడు.

మూడో నాడు పెద్దమ్మ గుడిసె వెనక నిలబడి పిలిచింది. ఏమీ రాలేదు. మల్ల పిలిచింది, చీకటి పడేదాకా పిలిచింది. కొండ పలకలేదు. ఈదన్నే అక్కడికి చేరినాక ఆ ముసలామెకు ఇంగ ఈమెతో పని లేదని పెద్దమ్మకు అప్పుడు తెలిసింది. లోపలికొచ్చి పొయ్యి ఆర్పి పడుకుంది. ఆ తర్వాత నాలుగేండ్లు బతికింది. నేను ఒకసారి, ఇంగ ఎవరికీ అక్కర లేదు కదా పెద్దమ్మా, నీ పేరు పెట్టి పిలవనా అని అడిగితే, వద్దులే, పలకడం మర్చిపోయినా అనింది.

ఇప్పుడు రేగుపెంట కాడ పిలుపులు రావడం లేదంట కదా, పోతే ఏమవుతుంది అని మీలో ఒకరిద్దరు అనుకుంటా ఉన్నారు, నాకు తెలుసు. పిలుపులు లేవు, నిజమే. కాకపోతే మిట్టమధ్యాహ్నం ఆ పక్కగా పోయినోళ్ళకు ఎవరో మొగుడూ పెండ్లాం తీరుబడిగా మాట్లాడుకుంటున్నట్టు వినబడుతుందంట. వాళ్ళ మాటల మధ్యకు మీకేం పని? దప్పికైతే ఇంటికొచ్చి తాగండి.