కీచుమన్న బ్రేకులు

పాత కారుకి బ్రేకు ప్యాడ్లు మారిస్తే సరిపోతుందా, డిస్కులు కూడా మార్చాలా అని మామగారికీ కోడలికీ పొద్దున మొదలైన వాదన సాయంత్రమైనా తెగలేదు.

“ప్యాడ్లు చాలమ్మాయ్. మెకానిక్ మాట వింటూ పోతే రేపు కారే మార్చమంటాడు.”

“డిస్కుల మీద గాట్లు పడ్డాయి మామయ్యా. కొత్త ప్యాడ్లు వేసినా సరిగా పట్టవట.”

“గాట్లెందుకు పడతాయి? ప్యాడ్లు అరిగితే ముందే కీచుమని గోల పెడతాయి. ఇన్నేళ్లుగా నడుపుతున్నవాణ్ణి, నాకు చెబుతున్నావా?”

“గోల పెట్టాయి.”

“ఎప్పుడు?”

కోడలు మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

“చాన్నాళ్లుగా. మలుపులో ఆ కీచు వినబడగానే, మీరొస్తున్నారని టీ పెట్టేదాన్ని.”

“మరి నోరు విప్పి చెప్పొద్దూ?”

“మీకూ వినబడుతోందనే అనుకున్నాను. బడి నుంచి వచ్చేటప్పుడు పాప వెనక సీట్లో చెవులు మూసుకుంటుందట. నిన్ననే చెప్పింది.”

“పాపకి కూడా వినబడిందా?”

“వీధి మొత్తానికీ వినబడింది మామయ్యా.”

రాత్రి భోజనాల దగ్గర, అందరూ కూర్చున్నాక, ఆయన కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

“డిస్కులూ మార్పించండి. ఇకనుంచి పాపని అమ్మాయే తీసుకొస్తుంది. కారు నేను నడపను.”