సగం మీసం

గోడౌను గేటు బయట ఏడు లారీలు బారులు తీరి ఉన్నాయి. మొదటి లారీ నీడలో తిరగేసిన డబ్బా మీద, మెడకు తువ్వాలు చుట్టుకుని గోడౌను సూపర్వైజరు కూర్చున్నాడు. ఆయన వెనక కత్తెర పట్టుకుని నిలబడింది ఆ లారీ డ్రైవరే. ఒంటిగంట కావస్తోంది.

"...తల కదపకండి సార్. చెవి పోతే నా పూచీ కాదు."

"చెవి సంగతి తర్వాత. వెనక సమంగా వచ్చిందా? మూడింటికి హెడ్డాఫీసు వాళ్ళొస్తున్నారు. ఫోటో తీస్తారు."

"వెనక నుంచి తీస్తారా సార్?"

"ఎగతాళా? బహుమతయ్యా! మొత్తం కంపెనీలో లారీని ఒక్క నిమిషం కూడా ఆపని గోడౌను మాదేనట. ఏడాది రిజిస్టర్లన్నీ చూసి తేల్చారు."

"మరి నా వెనక ఆరు బళ్ళు ఏం చేస్తున్నట్టు?"

"అవి ఇంకా రాలేదు."

"రాలేదా!"

"గేటు లోపలికొస్తేనే వచ్చినట్టు. అప్పుడే టైము రాస్తాం. బయటున్న బండి మాకు లెక్కలో లేదు. రూలు."

"అంటే ఇప్పుడు మీ తల దువ్వుతున్న నేను ఇక్కడ లేను."

"లేవు."

"ఆహా. లేనివాడి చేతిలో కత్తెరుంది. కొంచెం కుదురుగా కూర్చోండి మరి."

"అయినా ఇంతసేపూ మీకు తోచుబడి ఎలాగయ్యా?"

"ఎవడి తిప్పలు వాడివి సార్. నాలుగో బండాయన కూతురికి ఫోన్లో ఎక్కాలు చెప్తాడు. పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చారు. ఐదో ఆయన అందరి చొక్కాలకీ గుండీలు కుడతాడు. ఆరో ఆయన పడుకుంటాడు, లేచి 'పిలిచారా?' అంటాడు, మళ్ళీ పడుకుంటాడు. నేను జుట్టు కత్తిరిస్తా. అందుకేగా ఈ వరసలో నా పేరు కత్తెర."

"ఇదిగో, కత్తెరా, నీ ఫోను మోగుతోంది."

"మా ఆవిడ. ...ఆఁ, చెప్పు. ...లేదు, ఇంకా దించలేదు. ...ఐదింటికల్లా వస్తానన్నానుగా! నేను లేకుండా తాళం తీయకండి. ...అద్దం వంకరగా ఉంటే నేనొచ్చి సరిచేస్తాలే. ఉంటా."

"ఏమిటట?"

"సాయంత్రం ఐదింటికి కొట్టు తెరుస్తున్నాం సార్. తొమ్మిదేళ్ళుగా అనుకుంటున్నది. చుట్టాలంతా దిగిపోయారు. బండి దించడానికి గంట, ఇక్కణ్ణించి దారి మూడు గంటలు. మీరిప్పుడు గేటు తీస్తే సరిగ్గా ఐదు. తీయకపోతే పెళ్ళికొడుకు లేని పెళ్ళే."

"ఏం కొట్టు? కిరాణానా?"

"ఏదో చిన్న కొట్టు. గేటు సంగతి చెప్పండి సార్."

"కుదరదయ్యా. హమాలీలంతా బ్యానరు కడుతున్నారు."

"ఏం బ్యానరు?"

"'ఇక్కడ ఏ లారీ ఆగదు' అని."

"అది కట్టడానికి ఏడు లారీలు ఆపారు!"

"రెండుసార్లు కట్టినా వంకరగానే వచ్చింది. ఇంకో గంట పడుతుంది."

"మరి పొద్దున మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"ఏడూ ఐదుకి బండి పెట్టాను. మీరు స్కూటరు దిగుతున్నారు. 'ఇవాళ తొందరుంది సార్' అన్నాను. 'పదిలోపు నీ బండి ఖాళీ కాకపోతే సగం మీసం తీయించుకుంటా' అన్నారు. పక్కన గేటు క్లర్కు కూడా వింది."

"మాటవరసకి అంటాం! ఎవరైనా నిజంగా..."

"అంతేలెండి, మాటవరసకే. మీసం దాకా వచ్చాం, కాస్త సబ్బు రాస్తాను. మెత్తబడితే అంచు బాగా కుదురుతుంది."

"జాగ్రత్తయ్యా. పాతికేళ్ళ మీసం. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ ఒప్పుకుంది నన్ను చూసి కాదు, దీన్ని చూసి."

"కళ్ళు మూసుకోండి, నురగ పడుతుంది. మాట్లాడకండి, నోట్లోకి పోతుంది."

"ఊఁ."

"పై పెదవి బిగించండి. ...ఆఁ. ...అలాగే. ...ఐపోయింది సార్, ఎడమ పక్క. ఇదిగో పటిక. చల్లగా ఉందా?"

"ఊఁ... పటికా? పటికెందుకు? అంచు దిద్దడానికి పటికెందుకయ్యా?"

"గీసిన చోట రాస్తాంగా."

"గీసిన... ఏం గీశావు? ఏం గీశావయ్యా? అద్దమేదీ?"

"చెయ్యి పైకి తేకండి సార్, కత్తి తెరిచుంది! నేను చేసిందేముంది, మీ మాట నిలబెట్టాను. సగం మీసం."

"నా కొంప ముంచావు! ...సరే. సరే. కుడి పక్క కూడా తీసెయ్. బోసి మొహంతోనే దిగుతా ఫోటో. కానీ, త్వరగా!"

"ఇప్పుడా? కుదరదు సార్. భోజనం టైము."

"భోజనమా! ఒక్క నిమిషం పని!"

"మేమూ అదే అంటాం, రోజూ. తిన్నాక షిఫ్టు మారుతుంది."

"షిఫ్టేమిటి, ఉన్నది నువ్వొక్కడివేగా!"

"అందుకే ఆలస్యం. పైగా మీ కాగితాలు సరిగ్గా లేవు."

"మీసానికి కాగితాలా!"

"నాకొచ్చిన ఆర్డరు సగం మీసానికే సార్. రెండో సగానికి వేరే కాగితం కావాలి. కూర్చోండి, పిలుస్తాను."

"పిలిచేదేమిటి, నీ ఎదురుగానే ఉన్నాను!"

"లేరు. అద్దం ముందుకొస్తేనే వచ్చినట్టు. రూలు."

"ఏవమ్మా! క్లర్కమ్మా! గేటు దగ్గరెవరు, ఇలా రా!"

"వస్తున్నా సార్... అయ్యయ్యో! ఏమిటి సార్ ఆ మొహం!"

"అంత ఘోరంగా ఉందా?"

"ఏం చెప్పమంటారు! పదకొండేళ్ళుగా ఈ గేటు కాస్తున్నా, మిమ్మల్నిలా చూడలేదు."

"నవ్వుతున్నావా?"

"దగ్గు సార్. దుమ్ము."

"ఏం కావాలయ్యా నీకు? ఏం కావాలో చెప్పి ఏడు!"

"రెండే సార్. హమాలీలు బ్యానరు వదిలి బండి దగ్గరికి రావాలి. వచ్చిన టైము వచ్చినట్టు రాయాలి, నా ఒక్కడిదే కాదు, ఏడు బళ్ళదీ. నిలబడ్డ గంటలకి అదనంగా డబ్బు ఇస్తామని మీ కంపెనీ కాగితంలోనే ఉంది. కాకపోతే మీ పుస్తకంలో ఎవరూ నిలబడనే లేదు."

"అది రాస్తే నా బహుమతి పోతుంది!"

"బహుమతి వచ్చే ఏడూ ఇస్తారు సార్. సగం మీసం ఫోటో గోడకెక్కిందంటే ఇక దిగదు."

"...రాయమ్మా."

"రాసేసుంది సార్. ఏడూ ఐదు, ఏడూ ఇరవై, ఎనిమిది..."

"అప్పుడే ఎలా రాశావు?"

"రోజూ వేరే కాగితం మీద రాసి దాచుకుంటాను సార్, ఎప్పుడైనా ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. ఇదిగో, రిజిస్టరులో అతికించాను. ఇక్కడ సంతకం. చెయ్యి మొహం మీదికి పోనీకండి!"

"ఇదిగో, పెట్టాను. గేటు తీయించు. బ్యానరు వంకరగానే చావనీ. ఏవయ్యా, ఇప్పుడైనా రెండో పక్క తియ్యి!"

"తీయను సార్. ఇదిగో తువ్వాలు, తుడుచుకోండి. ఇదిగో అద్దం."

"ఇంకేం చూస్తాను... అరె. అరెరె. ఉంది! రెండు పక్కలా ఉంది!"

"దువ్వెన వీపుతో గీశాను. పాతికేళ్ళ మీసం, చెయ్యెలా వస్తుంది సార్?"

"దొంగ సచ్చినోడా! ఏవమ్మా, నువ్వూ కలిశావా వీడితో?"

"నేను మొహం అన్నాను సార్. మీసం ఊసే ఎత్తలేదు."

"ఆ సంతకం ఇటివ్వు, కొట్టేస్తాను!"

"'రిజిస్టరులో కొట్టివేతలు నిషేధం' అని మీ గదిలో బోర్డుంది సార్."

"...ఆ బోర్డు పెట్టించిందీ నేనే."

"అన్నా, హమాలీలు వచ్చేశారు. బండి లోపలికి పెట్టు. అక్కడ వదిన గుమ్మంలోనే నిలబడి ఉంటుంది."

"ఉండవయ్యా, ఒక్క మాట. తిడదామంటే నోరు రావట్లేదు. ఈ అంచు చూడు, ఈ దిద్దుడు చూడు! పెద్ద సెలూన్లో కూడా ఇంత బాగా ఎవరూ చేయలేదు. ఇంతకీ నువ్వు తెరిచే కొట్టేమిటి?"

"క్షవరం కొట్టే సార్. రెండు కుర్చీలు, ఒక వంకర అద్దం. ఇదే నా ఆఖరి లోడు."

"అదా సంగతి! ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఎవరి దగ్గరా కాదు. ఇక్కడే, మీ గేటు ముందు, ఈ గోడ నీడలో. మొదటి ఏడాది వరసలో ఉన్నవాళ్ళందరి చెవులకీ గాట్లే."

"ఇంత చెయ్యి తిరగడానికి ఎన్నాళ్ళు పట్టిందయ్యా?"

"నా లెక్కలో తొమ్మిదేళ్ళు. మీ రిజిస్టరు ప్రకారం ఒక్క నిమిషం కూడా పట్టలేదు సార్."