పెద్ద డాక్టరు మార్చురీలో కనిపించిన రోజు

"ఇంత బ్యాడ్జీ ముక్కకే వణికిపోతే ఎలాగే తల్లీ? మీకు ఇవాళ పొద్దున్న ఇచ్చారు. ఈ ఆసుపత్రిలో మొట్టమొదటి బ్యాడ్జీ తగిలించింది నా భుజానికి, తెలుసా?" అన్నాను.

ఆసుపత్రి గేటు బయట టీ కొట్టు బల్ల మీద కొత్త ఆయాలు నా చుట్టూ చేరారు. వాళ్లలో ఒక పొడుగమ్మాయి బ్యాడ్జీని వేళ్లతో నలుపుతూనే ఉంది. "మామ్మా, నేను వార్డులోనే ఉంటాను, ఇదేమో ఇంకెక్కడో ఉన్నానంటుంది అనుకో. అప్పుడు నా ఉద్యోగం ఊడుతుందా?" అంది. అదీ దాని బెంగ.

"ఊడడమే! నేనుండగా మా తోటికోడలి ఉద్యోగం ఊడనిచ్చానా? విను మరి. అప్పట్లో నేను లాండ్రీలో చేసేదాన్ని, తను వార్డులో ఆయా. ఒకరోజు నిచ్చెనలేసుకుని గదిగదికీ సీలింగుకి సబ్బుబిళ్లంత తెల్ల పెట్టెలు బిగించారు. మన బ్యాడ్జీ ఏ గదిలో ఉంటే ఆ గది పెట్టె పసిగట్టేసి హెడ్ నర్సు బల్ల మీది తెరకి చాడీ చెబుతుందన్నమాట. తెర మీద ఆసుపత్రి మ్యాపు, అందులో మనమంతా చుక్కలం. బిగించినాయన 'ఎవరైనా ఒకసారి నడిచి చూపించండి' అంటే అందరూ గోడకి అతుక్కుపోయారు. నేనే ముందుకొచ్చాను. మామూలుగానే నడిచాను లెండి, లాండ్రీ నుంచి వార్డు దాకా. తెర మీద నా చుక్క నన్ను అందుకోలేక వగర్చింది."

"చుక్క వగర్చడమేమిటత్తా?" అన్నాడు బల్ల చివర కూర్చున్న అంబులెన్సు డ్రైవరు.

"నీ బండి ఎత్తు మీద వగర్చట్లేదూ? అలాగే. నేను వార్డులో మంచాలన్నిటికీ దుప్పట్లు పరిచి, వెనక్కొచ్చి కూర్చుని, కాళ్లు పిసుక్కుంటుంటే అది అప్పుడు వంటగది దాటుతోంది. దారిలో రెండుసార్లు ఆగిందట కూడాను. సరే, అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత మా హెడ్ నర్సుకి ఓ ముచ్చట పుట్టింది. మ్యాపులో తలుపు పైనుందిట, తను కూర్చున్న చోటి నుంచి చూస్తే కిందుండాలిట. ఆవిడ అడిగాక కాదనే మొనగాడెవడు? పాపం ఆయన మ్యాపుని తలకిందులు చేసిపెట్టి వెళ్లిపోయాడు. ఏమైందో తెలుసా? మ్యాపు తిరిగింది, చుక్కలు తిరగలేదు! భవనానికి ఆ చివర ఉన్నవాళ్లం ఈ చివర, ఈ చివర వాళ్లు ఆ చివర!"

"అయ్యో!" అంది పొడుగమ్మాయి.

"అప్పుడే అయ్యో అనకు, దాచుకో. ముందు ముందు పనికొస్తుంది. ఆ చివర మా లాండ్రీ, దాని పక్కన మార్చురీ. ఈ చివర పెద్ద డాక్టరు గది, దాని పక్కన ఆయన బాత్రూము. ఇప్పుడు చెప్పు, లాండ్రీలో మేం బట్టలు మడతపెడుతుంటే తెర మీద ఎక్కడ కనిపిస్తాం?"

పొడుగమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అదే! ఆయన బాత్రూములో, లాండ్రీ ఆడవాళ్లమంతా కలిసికట్టుగా! హెడ్ నర్సు కుర్చీలోంచి లేచిన లేవడానికి కుర్చీ గోడకి కొట్టుకుని గోడ బీటేసింది. పరుగున వెళ్లి తలుపు బాదింది. లోపల పెద్ద డాక్టరు ఒక్కడే, మొహం నిండా సబ్బు నురగ. 'వాళ్లేరీ?' అంటుంది ఆవిడ. 'ఎవరూ?' అంటాడు ఆయన. బకెట్టు తిరగేసి చూసింది. సబ్బుపెట్టె మూత తీసి కూడా చూసింది."

"సబ్బుపెట్టెలో మనిషి పడతాడా అత్తా?"

"తెర చెప్పాక పట్టి తీరాలి నాయనా, అదీ ఆవిడ వాదం. నువ్వు అడ్డురాకు. ఆయన మొహం తుడుచుకుని, బ్యాడ్జీ తగిలించిన కోటు తన గదిలోనే వదిలేసి, ఆ తెరేమిటో చూద్దామని వచ్చాడు. తన పేరు వెతుక్కున్నాడు. ఎక్కడుంది? మార్చురీలో! మనిషి కొయ్యబారిపోయాడు. తన మణికట్టు తనే పట్టుకుని నాడి చూసుకున్నాడు. కంగారులో దొరకలేదు! ఇంకో చెయ్యి పట్టుకున్నాడు, అదీ లేదు! 'సిస్టర్, ఎప్పుడు పోయాను?' అన్నాడు. 'పొద్దున్నే సార్, డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నారు' అందావిడ, తెర చూసి. ఇంతలో మార్చురీ ఆయన స్ట్రెచరు తోసుకుంటూ వచ్చేశాడు. 'సార్, మీరంటే నాకు గౌరవమే. కానీ లెక్కలో ఒకరు తగ్గారు, వచ్చెయ్యండి' అన్నాడు. పెద్ద డాక్టరు బుద్ధిగా చెప్పులు విప్పి ఎక్కి పడుకున్నాడు!"

ఒక అమ్మాయికి టీ పొలమారింది. పక్కమ్మాయి దాని నెత్తి మీద తట్టింది.

"మీరు నవ్వుతున్నారు గానీ, నాకు మాత్రం ఆ క్షణాన గుండె జారిపోయింది. ఎందుకో తెలుసా? మా తోటికోడలి చుక్క వార్డుకి అవతలి కొసనున్న స్టోర్ రూములో ఉంది. పొద్దుటి నుంచీ కదల్లేదు. ఆపరేషనయిన ముసలాయన ఒకాయన దాని చెయ్యి పట్టుకుని వదలకపోతే, పాపం అది వార్డులోనే ఆయన మంచం పక్కన నిలబడి ఉంది. హెడ్ నర్సు వచ్చి 'స్టోర్ రూములో నిద్రపోతున్నావా? సాయంత్రం బ్యాడ్జీ ఇచ్చేసి ఇంటికి పో' అంది. ఎక్కడ నిలబడి అందనుకున్నారు? దాని ఎదురుగా నిలబడి!"

"ఎదురుగా కనిపిస్తుంటేనా?" పొడుగమ్మాయి మొహం పాలిపోయింది.

"కళ్లు పొరబడతాయిట, తెర పొరబడదుట. నేను ఊరుకుంటానా? బిగించినాయన్ని పిలిపించాను. మ్యాపు మళ్లీ తిప్పెయ్యమంటే 'హెడ్ నర్సు గారు ముట్టుకోవద్దన్నారమ్మా' అని చేతులు కట్టుకున్నాడు. పోనీ చుక్కల్నే తిప్పమంటే అవి తన మాట వినవన్నాడు. మ్యాపు తిరగదు, చుక్కలు తిరగవు. పొద్దు వాలిపోతోంది. ఇంక తిరగాల్సిందేమిటి మిగిలింది?"

"ఏమిటి?" అన్నారు అందరూ.

"భవనం!"

డ్రైవరు తల పట్టుకున్నాడు.

"నడుం బిగించాను. బయటికెళ్లి, మూలనున్న నీళ్ల గొట్టం పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. ముందు మొరాయించింది. పునాది కదా, పాత బిగువు. వంటగది నుంచి నూనె తెప్పించి చుట్టూ పోయించాను. ఇంకో ఊపు! తిరిగింది, తిరగలిలా! ఆపరేషను గదిలో సర్జను కుట్టు మొదలెట్టి సూది పైకెత్తేసరికి రోగి అటు తిరిగిపోయి, కుట్టు వీపున పడింది. పురిటి వార్డులో పసిపిల్లలందరూ ఉయ్యాల అనుకుని ఒక్కసారిగా ఏడుపాపారు. చీటీల కోసం వరసలో నిలబడ్డవాళ్లు తేరుకునేసరికి మందులు చేతబట్టుకుని అవతలి తలుపు దగ్గరున్నారు, రోగం కూడా తగ్గిపోయింది. స్ట్రెచరు మీది పెద్ద డాక్టరు జారుకుంటూ జారుకుంటూ వచ్చి తన కుర్చీలో పడ్డాడు. తెర చూసుకున్నాడు. చుక్క తన గదిలో ఉంది! నాడి దొరికింది! లేచొచ్చి మా తోటికోడలి రెండు చేతులూ పట్టుకుని 'తప్పైపోయిందమ్మా, నీ ఉద్యోగం నీదే. రేపటి నుంచి నువ్వు హెడ్ ఆయావి' అన్నాడు. అందుకే చెబుతున్నాను పొడుగమ్మాయ్, బెంగ పెట్టుకోకు."

పొడుగమ్మాయి ఊపిరి వదిలింది. "ఆవిడ ఇప్పుడు ఏ వార్డులో ఉంటారు మామ్మా? వెళ్లి కలుస్తాను."

"వార్డుదాకా ఎందుకమ్మా?" అంది టీ కాచే ఆవిడ. స్టవ్వు హోరులో వినపడదులే అనుకున్నాను, మహాతల్లికి అన్నీ వినపడ్డాయి. మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ మా వైపు తిరిగింది. "ఆ తోటికోడల్ని నేనే."

డ్రైవరు ఆవిడకేసీ నాకేసీ మార్చి మార్చి చూశాడు.

"భవనం తిరగడం నేను చూళ్లేదు. ముసలాయన చెయ్యి విడిపించుకుని, బ్యాడ్జీ బల్ల మీద పెట్టి వచ్చేశాను. తర్వాత మ్యాపు మళ్లీ తిన్నగా పెట్టుకున్నారుట. నన్నెవరూ పిలవలేదు." నాకేసి చూసింది. "ఆ హెడ్ ఆయా ఉద్యోగం ఏ గదిలో ఉందో కాస్త చూపించక్కా, స్టవ్వు ఆర్పేసి వెళ్లి చేరతాను."

"కాస్త గట్టిగా తిప్పినట్టున్నానే, నువ్వు విసురుకి గేటు బయట పడ్డావు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. పొడుగమ్మాయి తాగుతున్న టీ బల్ల మీదే వదిలేసి, రెండు చేతులతో బ్యాడ్జీని గుండెకి అదుముకుని వార్డుకేసి పరుగెత్తింది. మిగిలినవాళ్లు దాని వెనకే.